నాలుగు లెక్కపెట్టేలోపు

"కంప్యూటర్ లేవట్లేదురా" అన్నాడు నాన్న, ఫోన్లో.

ఆన్ అవట్లేదు అనలేదు. లేవట్లేదు అన్నాడు, జ్వరపడ్డ మనిషి గురించి చెప్పినట్టు. నేను ఆఫీసు మీటింగ్‌లోంచి బయటికొచ్చి మాట్లాడుతున్నా. సపోర్ట్ వాళ్లు అందరినీ అడిగే ప్రశ్నలే నేనూ అడిగాను. ప్లగ్ సరిగ్గా ఉందా? ఉందట. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటోందా? లేదట. "ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఆగిపోతోంది. ఒకటీ రెండూ మూడూ అని నాలుగు లెక్కపెట్టేలోపు ఆగిపోతోంది" అన్నాడు. సరే, శనివారం వస్తాలే అన్నాను. పెట్టేసే ముందు, "అందులో నా ఫైలుందిరా" అన్నాడు.

ఆ కంప్యూటర్ అసలు నాది. 2008లో, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో షాపు షాపూ తిరిగి, కొటేషన్ కాగితాలు పక్కపక్కన పెట్టి వందా యాభై తేడాలు చూసుకుని కట్టించుకున్న అసెంబుల్డ్ పీసీ. కోర్ టూ డుయో, ఒక జీబీ ర్యామ్. నాన్న పీఎఫ్ లోన్ పెట్టి తెచ్చిన డబ్బులు. ఉద్యోగం వచ్చి నేను లాప్‌టాప్ కొనుక్కున్నాక అది తెనాలి చేరింది.

నాన్న హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యాడు. స్కూలు పత్రిక అచ్చుకిచ్చే రోజుల్లో డీటీపీ సెంటర్లో కూర్చుని అను ఫాంట్లలో టైపు చెయ్యడం నేర్చుకున్నాడు. ఆ కీబోర్డు ఆయన వేళ్లకి పట్టేసింది, ఇక వదల్లేదు. ఫోన్లో తెలుగు రాయమంటే, "అమ్మ అని రాయడానికి ఇంగ్లీషు బళ్లో చేరాలా?" అంటాడు. రిటైరయ్యాక ఒక పని పెట్టుకున్నాడు. మా నానమ్మ నోట విన్న మాటలన్నీ అక్షర క్రమంలో రాసిపెట్టడం. గరిసె, పురి, గాడిపొయ్యి, దాలి. ప్రతి మాటకీ అర్థం, ఆ మాట ఎవరు ఎవరితో ఎప్పుడు అన్నారో ఒక చిన్న సందర్భం. దాలి అంటే పిడకల నిప్పు మీద పాలు కాగబెట్టే గుంట అని నిఘంటువులో దొరుకుతుంది. పిల్లలెవరైనా ఆ పాల మీద మీగడ గోకితే నానమ్మ ఏమని తిట్టేదో అది మాత్రం నాన్న ఫైల్లోనే ఉంది. దానికి ఇంకో కాపీ లేదు. క్లౌడ్‌లో పెట్టాలి నాన్నా అని నాలుగేళ్లుగా చెప్తున్నాను. చెప్పడమే, కూర్చుని పెట్టింది లేదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. కానీ అను లాంటి పాత ఫాంట్లకి ఆ చోటుతో పని లేదు. అవి ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే గళ్లలోనే తలకట్లనీ గుడుల్నీ వత్తుల్నీ ముక్కలు ముక్కలుగా కూర్చోబెడతాయి. ఆ ఫాంట్ లేని మెషీన్లో ఫైలు తెరిస్తే తెలుగుకి బదులు రోమన్ అక్షరాలూ, విరామ చిహ్నాలూ కలిసిన ఒక గోల కనిపిస్తుంది. మార్చిపెట్టే కన్వర్టర్లున్నాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి. వత్తు తప్పితే నాన్న ఊరుకోడు. అందుకే ఆ పెట్టె, అందులో ఎక్స్‌పీ, అందులో పేజ్‌మేకర్, అన్నీ అలాగే ఉండిపోయాయి.

శనివారం పొద్దున్నే తెనాలిలో దిగాను. నిజం చెప్పాలంటే నేను హార్డ్‌వేర్ మనిషిని కాను. నేను రాసే కోడు ఎక్కడో డేటా సెంటర్లో, నేనెప్పుడూ చూడని మెషీన్ మీద నడుస్తుంది. అది చచ్చిపోతే దాని బదులు ఇంకోటి దానంతటదే లేస్తుంది. పదమూడేళ్ల ఉద్యోగంలో స్క్రూడ్రైవర్ పట్టుకున్నది మహా అయితే మూడుసార్లు. కానీ ఇంట్లోవాళ్ల లెక్కలో కంప్యూటర్ ఇంజనీరంటే కంప్యూటర్ బాగుచేసేవాడే. ఆ పూట అమ్మ కాఫీ కాస్త గౌరవంగా ఇచ్చింది.

క్యాబినెట్ పక్క రేకు తీస్తే లోపల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని, స్క్రూలు పోకుండా ఒక స్టీలు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేనొక్కో స్క్రూ విప్పడం, ఆయన గిన్నె చాపడం.

బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో నాకు పుస్తకం చదువుగా తెలుసు. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్‌లో ఒక అయిదు వోల్టుల తీగ మెలకువగానే ఉంటుంది. బటన్ మదర్‌బోర్డుని తడుతుంది. మదర్‌బోర్డు ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పచ్చతీగని గ్రౌండ్‌కి కలుపుతుంది. అప్పుడు మిగతా వోల్టేజీలన్నీ వస్తాయి. అవి నిలకడగా ఉన్నాయని కబురందేదాకా ప్రాసెసర్ని కదలనివ్వరు. కబురందాక అది నాలుగు జీబీల చిరునామాల్లో చిట్టచివరి పదహారు బైట్ల దగ్గరికి వెళ్లి మొదటి ఆజ్ఞ చదువుకుంటుంది. అక్కణ్నించి బయాస్ పని. ర్యామ్ ఉందా, వీడియో ఉందా, కీబోర్డుందా అని పేరు పేరునా పిలిచి హాజరు వేసుకుంటుంది, నాన్న క్లాసులో వేసుకున్నట్టే. ముఖ్యమైనవాళ్లు ఎవరైనా రాకపోతే బీప్‌లు కొట్టి చెప్తుంది.

మొదటి అనుమానం ఎస్ఎంపీఎస్ మీద. మదర్‌బోర్డు నుంచి దాని కనెక్టరు పీకి, పచ్చతీగకీ నల్లతీగకీ మధ్య పేపర్ క్లిప్ వంచి గుచ్చాను. (ఇంజనీరింగ్‌లో నాకు నిజంగా గుర్తున్న ప్రాక్టికల్ ఇదొక్కటే. అదీ హాస్టల్లో నేర్చుకున్నది.) ఫ్యాన్ హాయిగా తిరిగింది. ఆగలేదు. అంటే ఎస్ఎంపీఎస్ బాగున్నట్టేగా? ఖాళీగా నడిచినంత మాత్రాన బరువు మోస్తుందని కాదు అని నాకు నేనే చెప్పుకుని, బజారుకెళ్లి పన్నెండొందలు పెట్టి కొత్తది తెచ్చాను. అన్నీ బిగించి బటన్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది, ఆగింది.

రెండో అనుమానం కెపాసిటర్లు. 2000ల మొదట్లో లోపలి ద్రవం సరిలేని కెపాసిటర్లు ప్రపంచమంతా బోర్డుల్లోకి చేరి, తలలుబ్బి పగిలిపోయిన ఉదంతం ఒకటుంది. దాన్ని కెపాసిటర్ ప్లేగు అంటారు. ఈ బోర్డు 2008ది, అయినా ఎందుకు కాకూడదు? ఫోన్ టార్చి వేసి చూశాను. ఒకదాని తల కాస్త ఉబ్బినట్టే ఉంది. అరగంట చూసేసరికి నాలుగు ఉబ్బినట్టు కనిపించాయి.

తర్వాత వేడి. ప్రాసెసర్ మీద హీట్‌సింక్ సరిగా ఆనకపోయినా మెషీన్ సెకన్లలో ఆగిపోవచ్చు. ఊడదీశాను. మధ్యలో పేస్టు ఎండిన సున్నంలా ఉంది. తుడిచి కొత్తది రాశాను. ఆగింది. సీమాస్ బ్యాటరీ, సీఆర్ 2032, కిరాణా కొట్లో కూడా దొరికింది. మార్చాను. ఆగింది.

అప్పుడు ర్యామ్. తీసి, దాని బంగారు పళ్లని నాన్న రబ్బరుతో రుద్దాను. మళ్లీ పెట్టే ముందు, అసలు ర్యామ్ లేకుండా పెడితే ఏమంటుందో చూద్దామని నొక్కాను. బీప్ మంది. మళ్లీ బీప్ మంది. మూడోది మొదలై సగంలో తెగిపోయింది.

ఇక్కడ ఆగాల్సింది నేను. ర్యామ్ లేకపోతే అరవాలి, అరిచింది. అంటే బోర్డు బతికే ఉంది, ప్రాసెసర్ బతికే ఉంది, బయాస్ హాజరు వేసుకుంటోంది. ఆ రెండున్నర బీప్‌లతో నా అనుమానాల్లో ముప్పాతిక కొట్టెయ్యొచ్చు. నేనేం చేశానంటే, ఫోన్లో నోట్సు రాసుకున్నాను. "ర్యామ్ లేకుండా బీప్. మళ్లీ ఆఫ్." దాని కింది గీతలో, "మదర్‌బోర్డు పోయినట్టే." ఆ నోట్సు ఇప్పటికీ ఉంది.

అప్పటికి మధ్యాహ్నం మూడైంది. చెమటలు. ఒకటే పనిగా గలగలమని చప్పుడు. నాన్న ఒళ్లో గిన్నెలో స్క్రూలు. "నాన్నా, ఆ గిన్నె ఆడించకు, చిరాగ్గా ఉంది" అన్నాను. ఆయన గిన్నె తీసి కింద పెట్టాడు.

డిస్కు ఊడదీసి లాప్‌టాప్‌కి తగిలిస్తే ఫైలన్నా దక్కుతుందిగా అని మీలో కొందరికి ఈపాటికి అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. డెస్క్‌టాప్ డిస్కుకి పన్నెండు వోల్టులు కూడా కావాలి, యూఎస్‌బీ ఇచ్చేది అయిదు. దానికి విడిగా అడాప్టర్ ఉన్న కేబుల్ కావాలి. అది కొండాపూర్లో నా బీరువాలో భద్రంగా ఉంది.

రాబర్ట్ పర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' చదివినవాళ్లకి గుర్తుంటుంది. బిగుసుకుపోయిన ఒక్క స్క్రూ దగ్గర మనిషి ఆగిపోవడం గురించి అందులో పేజీలకి పేజీలుంటాయి. ఆ ఆగిపోవడం చెడ్డదేం కాదంటాడాయన, నిజంగా చూడ్డం అక్కడే మొదలవుతుందంటాడు. సమీక్షల్లో నేను రెండుసార్లు వాడుకున్న ముక్క ఇది. చేతిలో స్క్రూడ్రైవర్ లేనప్పుడు చాలా బాగుంటుంది.

రాత్రి నిద్ర పట్టలేదు. ఫైలు పోతే ఎంత పోతుందో లెక్క చూద్దామని నాన్న లాంగ్ నోట్‌బుక్ తీశాను. ఆయన ముందు పెన్నుతో రాసుకుని తర్వాత టైపు చేస్తాడు. మొదటి పేజీల్లో ఆ దస్తూరీ నాకు చిన్నప్పట్నించీ తెలిసిందే, బోర్డు మీద ఆఖరి బెంచీకి కనపడేలా రాసి అలవాటైన గుండ్రటి అక్షరాలు. పేజీలు తిప్పేకొద్దీ అక్షరాలు చిన్నవయ్యాయి. చివరి పేజీల్లో ప్రతి వరసా మామూలుగానే మొదలై, చివరికొచ్చేసరికి ఆవగింజల్లా అయిపోతోంది. కాగితం పొదుపు చేస్తున్నాడనుకున్నాను. మాటల లెక్క చూసుకున్నాను. టైపు చేసినట్టు టిక్కు పెట్టుకున్నవి 1,100 పైన ఉన్నాయి. కానీ నోట్‌బుక్‌లో మాటా అర్థమే. సందర్భాలు నేరుగా టైపు చేసేవాడట.

ఆదివారం పొద్దున, నామోషీగానే, కొత్త మదర్‌బోర్డు సంగతి కనుక్కుందామని రిపేరు షాపుకి తీసుకెళ్లాం. పాత కంప్యూటర్ల కళేబరాల మధ్య చిన్న బల్ల, దాని వెనక యాభై ఏళ్ల మనిషి. నాన్నని చూసి లేచాడు. వాళ్లమ్మాయి మాస్టారి దగ్గరే చదువుకుందట. నేను నిన్నటి పరీక్షలన్నీ వరసగా చెప్పాను. ఎస్ఎంపీఎస్, కెపాసిటర్లు, పేస్టు, బ్యాటరీ. ఆయన మర్యాదగా విన్నాడు. "ఓసారి తగిలించి చూద్దాం బాబూ" అన్నాడు.

తగిలించి నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది, ఆగింది. ఏమీ ముట్టుకోలేదు. కొంచెం ఆగి మళ్లీ నొక్కాడు. ఈసారి పెదాలు కదిలాయి. మూడోసారి కూడా అంతే. తర్వాత మదర్‌బోర్డు మూలన ఉన్న సన్నటి రెండు తీగల కనెక్టరు పీకేసి, బయటపడ్డ రెండు పిన్నులకీ స్క్రూడ్రైవర్ మొన ఆనించి తీశాడు. ఫ్యాన్ తిరిగింది. తిరుగుతూనే ఉంది. మానిటర్ కళ్లు తెరిచింది. ఎక్స్‌పీ గీత పాకడం మొదలైంది.

"బటనండీ" అన్నాడు.

ముందు ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీసి చూపించాడు. బటన్ వెనక కాలు వంకరైపోయి, జిగట దుమ్ము పట్టి ఉంది. నొక్కితే లోపలికి పోతోంది, వేలు తీసినా వెంటనే బయటికి రావట్లేదు. ఏడెనిమిది సెకన్లకి మెల్లిగా వస్తోంది. "మీరు వేలు తీశారు బాబూ. బటన్ తియ్యలేదు" అన్నాడు.

ఆన్‌లో ఉన్న కంప్యూటర్ పవర్ బటన్ని నాలుగు సెకన్ల పైన నొక్కిపట్టుకుంటే అది ఆఫ్ అయిపోవాలి. లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తున్నా సరే. 1996లో వచ్చిన ఏసీపీఐ ప్రమాణంలోనే ఉందిది. లాప్‌టాప్ బిగుసుకుపోయినప్పుడల్లా నేను చేసేదీ అదే. అంటే నాన్న పెట్టె చెడిపోలేదు. దానికి చెప్పిన పని అది తూచా తప్పకుండా చేస్తోంది. నేను నొక్కిన ప్రతిసారీ గబుక్కున పక్కకి వంగి లోపలికి చూశాను, ఉబ్బిన కెపాసిటర్లు కనపడతాయేమోనని. ముందు వైపు ఒక్కసారీ చూళ్లేదు. పేపర్ క్లిప్ పెట్టినప్పుడు ఎందుకు ఆగలేదో, మూడో బీప్ సగంలో ఎందుకు తెగిందో, అన్నిటికీ ఒకే జవాబు. నేను లెక్కపెట్టలేదు. మంగళవారం ఫోన్లో నాన్న లెక్కపెట్టి మరీ చెప్పాడు.

రెండేళ్ల క్రితం ఒక కథల పుస్తకం మీద సమీక్ష రాశాను. ఒక కథలో ముసలావిడ చావు ఆ పుస్తకానికంతటికీ కేంద్రమని మూడు పేరాలు. రచయిత్రి మెయిల్ రాసింది, చాలా సౌమ్యంగా: "ఆవిడ చనిపోలేదండీ, నిద్రపోయింది. తర్వాతి పేజీలో కాఫీ అడుగుతుంది." ఆ మెయిల్‌కి ఏం జవాబివ్వాలో తెలీక ఇవ్వలేదు. రిపేరు షాపులో బల్ల ముందు నిలబడితే అదెందుకో గుర్తొచ్చింది.

డబ్బులెంతంటే తీసుకోలేదు. బటన్ని వేలితో అటూ ఇటూ తిప్పుతూ, "ఇది మామూలుగా నొక్కితే ఇలా వంగదండీ. ఎవరో గుద్దుతున్నారు దీన్ని. వేలితో కాదు, పిడికిలితో" అన్నాడు. నేను నాన్న వైపు చూశాను. "అలవాటు" అన్నాడు నాన్న, పక్కకి చూస్తూ. కుడిచెయ్యి జేబులో ఉంది.

ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. గిన్నె, ఆవగింజలంత అక్షరాలు, జేబులో చెయ్యి. ఇంటికొచ్చాక, అమ్మ పెరట్లో ఉండగా, "చెయ్యి చూపించు నాన్నా" అన్నాను. ఒళ్లో పెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ, ఏదో చిన్న ఉండ నలుపుతున్నట్టు, వాటంతటవే ఆడుతున్నాయి.

"ఎప్పట్నించి?"

"ఏడాది దాటింది. కుడిచెయ్యే, ఎడమది బానే ఉంది. ఊరికే పెడితే వణుకుద్ది, పనిచేస్తుంటే తగ్గుద్ది. టైపు చేసేప్పుడు దాదాపు ఉండదు. పొద్దున్న లేవగానే మాత్రం బిగుసుకుపోయి ఉంటది. బటన్ దగ్గర వేలు సరిగ్గా ఆనట్లేదు, అందుకని పిడికిలితో." ఆగి, "అమ్మకి తెలీదు" అన్నాడు.

ఫోన్ తీసి ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. 'వణుకుద్ది' కూడా మార్చలేదు. దాని కింద నా తరఫున ఏమీ రాయలేదు. నెట్లో వెతకాలనిపించింది, వెతకలేదు కూడా. మూడ్రోజుల తర్వాత గుంటూర్లో న్యూరాలజిస్టు దగ్గర అదే చదివాను. ఆయన నాన్న చేత వరండాలో ఆ చివరిదాకా నడిపించాడు. బొటనవేలికి చూపుడువేలు టకటకా తాటించమన్నాడు, ఒక వాక్యం రాయించాడు. వాక్యం చివర అక్షరాలు చిన్నవయ్యాయి. పార్కిన్‌సన్స్ అన్నాడు. మందులు మొదలయ్యాయి, రోజూ ఒకే టైముకి పడాలి. అమ్మ రెండ్రోజులు నాన్నతో మాట్లాడలేదు, తర్వాత మందుల డబ్బా తన చేతిలోకి తీసుకుంది.

ఫైలు మూడు చోట్ల పెట్టాను. వత్తుల సంగతి నెలకో అక్షరం చొప్పున ఇద్దరం కూర్చుని చూసుకుంటున్నాం, ప్రస్తుతం 'క'లో ఉన్నాం.

బటన్ సంగతి మిగిలింది. పవర్ బటన్‌లో పెద్ద విద్య ఏమీ లేదు, నొక్కితే రెండు తీగలు కలవాలి, వదిలేస్తే విడిపోవాలి. కాలింగ్ బెల్ స్విచ్చి చేసేదీ అదే. ఎలక్ట్రికల్ షాపులో నలభై రూపాయలకి ఒకటి కొని, ఆ రెండు పిన్నుల నుంచి తీగలు క్యాబినెట్ వెనకగా బయటికి లాగి, టేబుల్ అంచున రెండు స్క్రూలతో బిగించాను. అరచెయ్యంత స్విచ్చి, మధ్యలో గంట బొమ్మ.

నాన్న దాన్ని కాసేపు చూశాడు. అరచేత్తో నొక్కి, నోటితో "ట్రింగ్" అన్నాడు.

వంటింట్లోంచి అమ్మ, "ఎవరొచ్చారో చూడండి" అంది.